ఎనిమిది ఆంపియర్ల తగువు

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. నేను విశాఖపట్నం నుంచి మా ఊరు చేరేసరికి అయిదో రోజు. దారి పొడుగునా కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, వాటి మధ్య కరెంటు తీగలు. మాది ఉద్దానం, కొబ్బరితోటల ప్రాంతం. తెలిసినవాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు.

మా అన్నయ్య ట్రాక్టరు మాత్రం పాకలో క్షేమంగా ఉంది. అయితే తాళం తిప్పితే ‘టిక్’ అని ఒక్క చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. తప్పు తుఫానుది కాదు. మొదటి రాత్రి నుంచీ వీధిలో ఉన్న సెల్‌ఫోన్లన్నీ ఆ బ్యాటరీ మీదే బతికాయి. పన్నెండు వోల్టుల 75 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ అంటే 900 వాట్-అవర్లు. ఫోను ఒక్కోటి నష్టాలతో కలిపి పదిహేను తాగుతుందనుకుంటే, అరవై ఫోన్లకి అది ఖాళీ. వీధిలో అరవై లేవు గానీ, ఒక్కో ఫోను రెండేసిసార్లు వచ్చింది. పైగా అరుగు మీద ఓ ఎల్‌ఈడీ బల్బు తెల్లవార్లూ వెలిగింది. ఎవరూ వద్దనలేదు, అన్నయ్య అసలే అనలేదు.

షామియానాలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే కొట్టు నుంచి రెండు కిలోవాట్ల చిన్న పెట్రోలు జనరేటరు ఒకటి తెచ్చారు. అద్దె మామూలు రోజులకి మూడింతలు. దాని మొహం మీద రెండు 230 వోల్టుల సాకెట్లు, మూలగా ఇంకో చిన్న సాకెట్. దాని కింద రాసి ఉంది: డీసీ 12 వోల్టులు, 8.3 ఆంపియర్లు. తగువంతా ఆ మూల సాకెట్ దగ్గర మొదలైంది. ఒకవైపు అన్నయ్య. రెండోవైపు మా అక్క కొడుకు, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి పొలాల్లో సోలార్ పంపులు బిగించే పని చేస్తాడు. వాళ్ల వరసలతోనే రాస్తాను. తిట్లు తీసేశాను.

మావ: డీసీ వైరు పట్టుకురా. ఎర్రది ప్లస్సుకి, నల్లది మైనస్‌కి. తాడు లాగితే అయిపోయింది. దీనికింత పంచాయితీ ఏటి?

అల్లుడు: ఆ సాకెట్‌లో ఎంత వోల్టేజి వస్తుందో తెలుసా మావా?

మావ: సదువుకున్నోడివి, సదువుకో. పన్నెండని రాసుంది.

అల్లుడు: రాసింది పన్నెండే. వైరు దేనికీ తగిలించకుండా మీటరు పెట్టి చూడు, అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తుంది. లోపల ఓ చిన్న వైండింగు, దాని వెనకాల డయోడ్లు, అంతే. రెగ్యులేటరు లేదు. నీ ట్రాక్టరు డైనమోకి రెగ్యులేటరుంది కాబట్టి 14.4 వోల్టుల దగ్గర తగ్గిపోతుంది. ఇది తగ్గదు. బ్యాటరీ నిండినా తోస్తూనే ఉంటుంది.

మావ: నిండితే కదా తోసేది! ముందు అదెంతలో ఉందో సూడు.

అల్లుడు మీటరు పెట్టాడు. 7.1 చూపించింది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి, ఒక్కోటి రెండు వోల్టులకి కాస్త పైన. నిండుగా ఉండి కొన్ని గంటలు తీరిగ్గా పడున్న బ్యాటరీ 12.6, 12.7 చూపాలి. పన్నెండు చూపిందంటే పావువంతే మిగిలిందని. పదిన్నర దగ్గర ఖాళీ అయినట్టే లెక్క. ఏడు అంటే ఖాళీ కుండని బోర్లించి నాకినట్టు.

అల్లుడు: దీనికి నా చార్జరే దిక్కు. 230 సాకెట్‌లో పెడదాం. ఎంత వోల్టేజి ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో అదే చూసుకుంటుంది.

బైకు డిక్కీలోంచి చిన్న పెట్టె తీశాడు. మూడు లైట్లున్న స్మార్టు చార్జరు. జనరేటరు స్టార్టు చేసి, పెట్టె తగిలించి, క్లిప్పులు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది, రెండుసార్లు ఆరి వెలిగి అలాగే ఉండిపోయింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే.

మావ: ఏటంటంది?

అల్లుడు: బ్యాటరీని గుర్తుపట్టడం లేదు. వోల్టేజి మరీ తక్కువైతే ఇది మొదలుపెట్టదు. సెల్లు పోయిందేమో, క్లిప్పులు తిరగేశారేమో అని అనుమానం దానికి. భద్రత కోసం అలా చేశారు.

మావ: ఆకలితో సొమ్మసిల్లి పడిపోయినోడిని ఆధార్ కార్డు సూపించమన్నట్టుంది నీ పెట్టె. తీసి పక్కనెట్టు.

ఇక్కడ అన్నయ్య గెలిచాడని ఒప్పుకోవాలి. ఆ మూల సాకెట్‌కి తెలివితేటలు లేవు కాబట్టే ఏడు వోల్టుల బ్యాటరీకి కూడా పెడుతుంది. అల్లుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ పట్టు వదల్లేదు.

అల్లుడు: సరే, డీసీయే పెడదాం. నా పద్ధతిలో పెడదాం. ముందు జనరేటరు ఆపు. దాన్ని పాకలోంచి బయటికి లాగు.

మావ: వోన పడితే?

అల్లుడు: పడితే ఆపేద్దాం. పాకలో మూడు పక్కలా తడకలు, పక్క గదిలో పాపలు పడుకున్నారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వెనకపక్క గాలివాటు చూసి దూరంగా పెట్టు.

జనరేటరు చింతచెట్టు మొదట్లోకి వెళ్లింది. ఆ చెట్టు పడలేదు. తర్వాత సెల్లుల మూతలు విప్పి చూస్తే రెండింటిలో ప్లేట్ల అంచులు పైకి తేలి ఉన్నాయి.

మావ: నీళ్లకేటి కరువు? గాబు నిండా వోన నీళ్లే. ఆకాశం నుంచి పడ్డ నీళ్లకన్నా డిస్టిల్డ్ ఏటుంటాది?

అల్లుడు: మామూలు వానైతే వాదించేవాణ్ణి కాదు. ఇది సముద్రాన్ని ఎత్తుకొచ్చి కొట్టిన గాలి. నీ కిటికీ అద్దం నాకి చూడు, ఉప్పగా ఉంటుంది. పైగా కప్పు మీంచి కారిన నీళ్లు. ఆ ఉప్పు సెల్లులో పడితే ప్లేట్లు తినేస్తుంది.

అన్నయ్య నిజంగానే వెళ్లి కిటికీ అద్దం మీద వేలు పెట్టి నాలిక్కి రాసుకున్నాడు. ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నాడు. సైకిల్ షాపులో సగం సీసా డిస్టిల్డ్ వాటరు దొరికింది. ప్లేట్లు మునిగేదాకా పోసి అల్లుడు ఆపేశాడు. చార్జింగ్ ఎక్కేకొద్దీ మట్టం పైకి లేస్తుంది, ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి ట్రే తింటుంది. మిగతాది తర్వాత పోయాలట.

ట్రాక్టరు వైర్లు ఊడదీసి, జనరేటరు క్లిప్పులు ముందు బ్యాటరీకి పట్టించి, అప్పుడే తాడు లాగారు. డీసీని కూడా కొలిచే క్లాంపు మీటరు అల్లుడి దగ్గరుంది. మొదట రెండు ఆంపియర్లు. అయిదు నిమిషాలకి మూడు. పావుగంటకి ఆరు. వట్టిపోయిన బ్యాటరీ ముందు పుచ్చుకోదు, ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేటు పేరుకుని ఉంటుంది కనుక. కాస్త కరిగాక నోరు తెరుస్తుంది. ఇరవై నిమిషాలకి ఎనిమిది దగ్గర నిలబడింది.

మావ: సూశావా. నీ పెట్టె ఎన్ని ఇస్తాది?

అల్లుడు: నాలుగు.

మావ: నీది నాలుగు, నాది ఎనిమిది.

అల్లుడు: ఎనిమిది మంచి లెక్కే, కాదనను. ఏహెచ్‌లో పదో వంతు పెట్టమంటారు, డెబ్బయి అయిదుకి ఏడున్నర. కానీ మావా, పెట్టిందంతా లోపలికి పోదు, ఇరవై శాతం ఎక్కువ పెట్టాలి. పదకొండు గంటలు పడుతుంది నిండడానికి. రాత్రి దాకా దీని దగ్గరే కూర్చోవాలి.

మావ: పదకొండు గంటలా? అరగంటలో తాళం తిప్పుతాను సూడు.

అసలు తగువు ఇదీ. ఇంతవరకూ జరిగింది సాకెట్ గొడవ.

అల్లుడు: అరగంటకి నాలుగు ఏహెచ్ పడుతుంది. బ్యాటరీలో నిండేది ఇరవయ్యో వంతుకి అటూ ఇటూ, దాంతో డీజిల్ ఇంజను తిప్పుతావా?

మావ: ఇంజను తిరగడానికి ఎంత గావాలో నువ్వే సెప్పు. నీ లెక్కే సెప్పు.

అల్లుడు: సెల్ఫ్ మోటారు ఓ మూడొందల ఆంపియర్లు లాగుతుంది. అయిదు సెకన్లు. అంటే... పదిహేను వందలు... మూడువేల ఆరొందలతో భాగిస్తే... పాయింటు నాలుగు.

మావ: ఎంతా?

అల్లుడు: అర ఏహెచ్ కూడా కాదు.

మావ: మరి! ట్రాక్టరు బ్యాటరీ అంటే బానేటిరా, నిండా నింపి దాచుకోడానికి? వడిసెల అది. రాయి ఒక్కటి వెళ్తే సాలు. ఇంజను అందుకున్నాక దాని డైనమో దాన్ని సూసుకుంటాది.

వడిసెల అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 1912 మోడలు క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టరు తయారుచేసినప్పుడు పట్టుకున్న కిటుకు సరిగ్గా ఇదే. అంతవరకూ ఇంజను తిప్పాలంటే గుర్రమంత మోటారు కావాలనుకునేవారు. కొద్ది సెకన్లే కదా, చిన్న మోటారుని దాని శక్తికి మించి పిండొచ్చు, చల్లారడానికి తర్వాత బోలెడు టైముంటుంది అన్నాడాయన. అన్నయ్యకి కెటరింగ్ పేరు తెలియదు.

అల్లుడు: లెక్క నీదే. కానీ రాయి బరువొకటే చాలదు మావా, వడిసెల తాడు తెగకూడదు. మూడొందలు లాగుతుంటే బ్యాటరీ తొమ్మిదిన్నర వోల్టులకన్నా కిందికి జారిపోకూడదు. అడుగంటిన బ్యాటరీలో నాలుగు ఏహెచ్ వేస్తే మీటరు మీద పన్నెండు చూపిస్తుంది, అది పైపూత. తాళం తిప్పగానే ఆరుకి పడిపోతుంది.

మావ: మరి జనరేటరు అందిస్తాది కదేటి? రెండు కిలోవాట్లన్నావు.

అల్లుడు: సెల్ఫ్‌కి కావలసింది మూడు. పైగా ఆ మూల సాకెట్‌లో వచ్చేది ఎనిమిదే ఆంపియర్లు. మూడొందలెక్కడ, ఎనిమిదెక్కడ?

మావ: తోసి స్టార్టు సేద్దాం అంటే ఇసక. పక్క ట్రాక్టరు నుంచి తీగ లాగుదాం అంటే దారి లేదు. ఒరే, నాకు పెట్రోలు సెప్పు. ఇది గంటకెంత తాగుతాది?

అల్లుడు: అర లీటరుకి అటూ ఇటూ. చిన్న పనైనా పెద్ద పనైనా దాని స్పీడు ఒకటే, నిమిషానికి మూడువేలు.

మావ: పదకొండు గంటలకి అయిదారు లీటర్లు. వూరంతటికి పట్టే పెట్రోలు తాగి బ్యాటరీకి గుక్కెడు పోస్తాది. అదే పెట్రోలు రంపం మిషన్‌కి పోస్తే ఎన్ని సెట్లు కొయ్యొచ్చు? కోసిన దుంగలు లాగాలంటే ట్రాక్టరు గావాల. ట్రాక్టరు గావాలంటే బ్యాటరీ. నీకు బ్యాటరీ బాగుండాల. నాకు దారి గావాల.

ఇక్కడ ఇద్దరూ ఎదురింటి వైపు చూశారు. ఉద్దానం సంగతి తెలిసినవాళ్లకి ఇక్కడి కిడ్నీ జబ్బుల సంగతీ తెలుసు. ఎదురింటి బాబాయికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఒక వాయిదా అప్పటికే తప్పింది. ఆయన మంచం అరుగు మీద వేసి ఉంది. వీళ్ల వాదన అంతా వింటున్నాడు, తనకి సంబంధం లేనట్టే.

నలభై నిమిషాలకి అన్నయ్య ఆగలేకపోయాడు. ట్రాక్టరు వైర్లు తగిలించి సీటెక్కాడు.

అల్లుడు: ఆగు మావా, ఆగు! జనరేటరు క్లిప్పులు ఉండగా తాళం తిప్పకు! మూడొందలు లాగే చోట ఆ సన్న వైరు కూడా వరసలో నిలబడుతుంది. జనరేటరు డయోడ్లు కాలిపోతాయి, అద్దెవాడికి మనం జవాబు చెప్పాలి. ముందు జనరేటరు ఆపి, అప్పుడు క్లిప్పులు తీయాలి. నడుస్తుండగా తీస్తే నిప్పురవ్వ వస్తుంది.

ఆపారు, తీశారు. తాళం తిరిగింది. గర్... గర్... టిక్. ఇంజను ఒక మెలిక తిరిగి ఆగిపోయింది. మీటరు మీద 6.3.

మావ: (కాసేపాగి) ఆరుకి పడిపోద్దని నువ్వు సెప్పావు కదా.

అల్లుడు: చెప్పాను.

మావ: ఇంకెంత సేపు?

అల్లుడు: నిండక్కర్లేదులే. ఇంకో రెండు గంటలు. పదిహేను, ఇరవై ఏహెచ్ పడితే చాలు.

బేరం అక్కడ కుదిరింది. సంతలో చేపల బేరం ఎలా కుదురుతుందో అలాగే, ఇద్దరూ నష్టపోయిన మొహాలు పెట్టారు. ఈ రెండు గంటల్లో ఇంకో సంగతి జరిగింది. జనరేటరు చప్పుడు విని వీధి మళ్లీ ఫోన్లు పట్టుకొచ్చింది. ఈసారి అల్లుడు వాటిని 230 సాకెట్ వైపు మళ్లించాడు. ఎలాగూ తిరుగుతున్న ఇంజనే, ఫోన్ల బరువు దానికో లెక్క కాదు. మధ్యలో ఎవరో అర హార్స్‌పవరు నీళ్ల మోటారు కూడా తెచ్చి తగిలించబోయారు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా చాలా రెట్లు లాగుతుంది, జనరేటరు మూలుగుతుంది, అందరి చార్జింగూ ఆగుతుంది అని వాళ్లని తిప్పి పంపాడు. వాళ్లు మళ్లీ రాలేదు గానీ అల్లుడి మీద కోపం ఉంచుకున్నారు.

పన్నెండు గంటలకి కొంచెం ముందు జనరేటరు ఆపి, క్లిప్పులు తీసి, రెండో ప్రయత్నం. సెల్ఫ్ బద్ధకంగా తిరిగింది, మూడో తిప్పుకి నల్లపొగ వదిలి ఇంజను అందుకుంది. అన్నయ్య నావైపు చూసి నవ్వాడు, అల్లుడి వైపు చూడలేదు.

అల్లుడు: మధ్యలో ఆపకు. ఐడ్లింగ్‌లో డైనమో పెద్దగా ఏమీ ఇవ్వదు, కాస్త యాక్సిలరేటరు మీద ఉంచు. కానీ మావా, డైనమో ఉన్నది తగ్గిన కాస్తా నింపడానికే, వట్టిపోయినదాన్ని నింపడానికి కాదు. వేడెక్కిపోతుంది. ఇవాళ్టికి పని చేయించు. సగం నిండిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టిపడిపోతుంది.

మావ: బ్యాటరీ పోతే కొనుక్కుంటాను.

సాయంత్రానికి మెయిన్ రోడ్డు దాకా దారి పడింది. ఎదురింటి బాబాయిని ట్రాలీలో పరుపు వేసి తీసుకెళ్లారు.

రాత్రి తగువు తిరగబడింది. జనరేటరు వీధి బల్బుల కోసం ఎలాగూ నడుస్తోంది. ఇప్పుడు అన్నయ్య తీరిగ్గా ఉన్నాడు.

మావ: మూల సాకెట్‌లో పెట్టేసి పడుకుందాం. తెల్లారేసరికి నీ పదకొండు గంటలూ అవుతాయి. పొద్దున నువ్వడిగిందే కదేటి?

అల్లుడు: పొద్దున అడిగింది నా పెట్టె గురించి. నిద్రపోతూ డీసీ వదిలేయడం గురించి కాదు. నిండినాక కూడా అది తోస్తూనే ఉంటుందని చెప్పానా? ప్లేట్లు పుచ్చుకోవడం మానేస్తే ఆ కరెంటు నీళ్లని విడగొడుతుంది, హైడ్రోజన్ వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. పాకలో దోమల చక్రం వెలుగుతోంది, నువ్వు బీడీ కాలుస్తావు.

మావ: పేలడం నాను సూడలేదు.

అల్లుడు: చూసినవాళ్లు మొహం మీద మచ్చతో తిరుగుతారు. నీ ముక్కుకి తెలుస్తుంది మావా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే, అప్పటికే ఆలస్యమైందని. నిద్రపోయేవాడి ముక్కు దేనికి పనికొస్తుంది?

అన్నయ్య బీడీ పడేశాడు. అల్లుడు తన పెట్టె తీసి తగిలించాడు. ఈసారి బ్యాటరీ పన్నెండు పైన ఉంది. ఎర్ర లైటు లేదు, పసుపు వెలిగింది. నాలుగు ఆంపియర్లే అయినా నిండగానే అది తనంతట తనే తగ్గుతుంది, మనిషి కూర్చోనక్కర్లేదు. జనరేటరుకి అదనంగా పడే పెట్రోలు కూడా చెప్పుకోదగ్గది కాదు. పొద్దున ఎందుకూ పనికిరాని పెట్టె రాత్రికి ఇంటి కాపలాదారు అయింది.

నన్ను తీర్పు చెప్పమన్నారు. పొద్దున మనిషి ఎదురుగా కూర్చుని చేసే పనికి మూల సాకెట్ తప్పు కాదు, రాత్రి పడుకుని చేసే పనికి అదే తప్పు అన్నాను. ఇద్దరికీ నచ్చలేదు. అయితే ఒక్క విషయంలో నేను పూర్తిగా అన్నయ్య పక్షమే. బ్యాటరీ ఆరోగ్యం కోసం ఆ మధ్యాహ్నం ఆగి ఉంటే అది మూర్ఖత్వమయ్యేది. దానికి ధర ఉంటుందన్న మాటలో అల్లుడి పక్షం.

ఆ ధర మూడు నెలల్లో తెలిసింది. సంక్రాంతి దాటాక ట్రాక్టరు మళ్లీ మొరాయించింది. పలాసలో బ్యాటరీ కొట్టతను హైడ్రోమీటరు పెట్టి చూస్తే అయిదు సెల్లుల్లో 1.240 దాకా ఉంది, ఒకదానిలో 1.150. బాగున్న బ్యాటరీ నిండినప్పుడు 1.270 దగ్గర ఉండాలి. పాతదాన్ని సీసం తూకానికి తీసుకుని కొత్తది ఇచ్చాడు. కొత్తదానికి మూతలు లేవు, నీళ్లు పోసే పనీ లేదు. అల్లుడు దాని మీద మార్కరుతో పెద్ద అక్షరాల్లో రాశాడు: ‘మూల సాకెట్‌కి రాత్రి పెట్టరాదు.’ దాని కింద అన్నయ్య రాయించాడు: ‘ఫోన్లు పెట్టరాదు.’